ఏడో సెక్షన్

దొరవారిసత్రం మండలంలో, నేలపట్టు గూడబాతుల చెరువుకి కాస్త ఎడంగా ఒక యానాదుల కాలనీ. పెద్దవాళ్లు చీకటితోనే పులికాట్‌లో చేపలకో, మడికూలికో పోతే పిల్లకాయలు బడి ఎగ్గొట్టి తిరిగేవాళ్లు. ఆ కాలనీలోనే పుట్టి పదో తరగతి పాసైన ఒకావిడ వాళ్లని పోగుచేసి, సాయంత్రాలు తన వాకిట్లో చదువు చెప్పడం మొదలుపెట్టింది. నగరంలోని ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థ తనకొచ్చే విదేశీ విరాళంలోంచి, కేంద్రం అనుమతితో, ఆవిడ నడిపే మహిళా సంఘానికి కొంత పంపేది. పలకలు, పుస్తకాలు, పిల్లకాయలకు గుగ్గిళ్లు అన్నీ అందులోనే.

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఏడో సెక్షన్ ప్రకారం, విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇక ఎవరికీ బదిలీ చేయకూడదు. ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించిందీ అప్పుడే. సొమ్ము చేతులు మారుతూ దారిలోనే కరిగిపోకూడదన్న ఆలోచనను తప్పుపట్టలేం. కాలనీకి మాత్రం డబ్బు ఆగిపోయింది.

విరాళంగా పంపకూడదు గానీ, పని చేయించుకుని బిల్లు కట్టొచ్చని లాయరు చెప్పాడు. సంస్థ కొటేషన్లు పిలిచింది. జీఎస్టీ నంబరు ఉండాలి, మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూపాలి. సేవలకు ఏడాదిలో 20 లక్షలు దాటితే తప్ప సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ షరతు చట్టం పెట్టింది కాదు, సంస్థ కొనుగోళ్ల కమిటీ తనంతట తాను పెట్టుకున్నది. ఊళ్లో పనిచేసే చిన్న సంఘాలకు మినహాయింపు అని ఒక్క వాక్యం రాసుంటే ఎంత బాగుండేది!

కాంట్రాక్టు చెన్నై కంపెనీకి దక్కింది. వాళ్లు సూళ్లూరుపేటలో ఒక ఏజెన్సీకి అప్పగించారు. ఏజెన్సీ ఒక కుర్రాణ్ణి మోటార్ సైకిల్ మీద పంపింది.

"అక్కా, ఈడ పిల్లకాయలకు చదువు చెప్పే మనిషి కావాలంట. నెలకి మూడు వేలిస్తారంట."

"బడి జరగతానే ఉంది గదబ్బయ్యా. డబ్బులు ఆగినా నేను ఆపలా."

"ఇంకేం మరి! ఫొటోలు తీసుకుంటా, నిలబెట్టు."

మూడు వేలూ పుస్తకాలకీ గుగ్గిళ్లకీ పోయేవి.

ఏడాది తిరిగాక సంస్థ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. చీకటిపడేదాకా వాకిట్లోనే కూర్చున్నాడు. పిల్లకాయలు తడుముకోకుండా పాఠం చదివారు, పదహారో ఎక్కం అప్పజెప్పారు. ఆయన కళ్లు మెరిశాయి. వెళ్లేముందు, జీతం ఎవరిస్తారని ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన సంచిలోంచి ఒప్పందం తీసి, పనిని ఇంకొకరికి అప్పగించరాదన్న షరతు వెతికి, దానికింద గీత గీసుకున్నాడు.

వారానికి నివేదిక వచ్చింది.

"బోధన చాలా బాగుంది, బడిని కొనసాగించవచ్చు. అయితే ఒప్పందానికి విరుద్ధంగా, ఈ బడితో సంబంధంలేని బయటి వ్యక్తి పాఠాలు చెబుతున్నారు. ఆమెను వెంటనే తొలగించాలి."