షోరూమ్ వాళ్లే చేతులెత్తి దండం పెట్టేలా కారు బేరం

డబ్బుంటే కారు ఎవరైనా కొంటారు. బేరమాడి కొన్నానని నలుగురిలో చెప్పుకోవడంలోనే మజా ఉంది. అందుకోసం నాలుగు షోరూములు తిరగక్కర్లేదు, కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడక్కర్లేదు, లెక్కలు అసలే వద్దు. కింద చెప్పినట్టు చేయండి. సోఫాలో కూర్చుని వాళ్లిచ్చే కాఫీ తాగే లోపే పని అయిపోతుంది.

1. మంచి రోజు చూసుకుని వెళ్లండి.

ఆషాఢంలోనూ మూఢంలోనూ షోరూమ్ వైపు కన్నెత్తి చూడకండి. ఆ రోజుల్లో అక్కడ ఈగలు తోలుకుంటుంటారు. పైగా నెలాఖరైతే టార్గెట్ నిండలేదని మేనేజరే ఎదురొచ్చి, మీరు నోరు తెరవకముందే "ఇంకో పదివేలు చూద్దాం సార్" అంటాడు. అడక్కుండా వచ్చిన తగ్గింపులో గొప్పేముంది? విజయదశమి పొద్దున్నే వెళ్లండి. దండలేసిన కార్లు బారులు తీరి ఉంటాయి, నిమ్మకాయలు చక్రాల కింద చిట్లుతుంటాయి, సేల్స్ అబ్బాయికి మీ మొహం చూసే తీరికుండదు. ఆ గోలలోనే గట్టిగా అడగండి: "ఏమైనా తగ్గుతుందా?" "స్టాకే లేదు సార్" అంటాడు. అంత గిరాకీ ఉన్న కారు కొంటున్నందుకు గర్వపడండి.

డిసెంబరులో ఆ ఏడాది తయారైన కార్లు వదిలించుకోవడానికి తగ్గించి ఇస్తారంటారు. మీరు జనవరి దాకా ఆగండి. కంపెనీలు ధరలు పెంచేది ఎక్కువగా అప్పుడే. యార్డులో మిగిలిన పాత ఏడాది బండినే కొత్త ధరకు అంటగట్టినా మీకు తెలియదు. ఎందుకంటే తయారీ నెల, ఏడాది చూసుకోవడం అనుమానపు మనుషుల లక్షణం, మీరు అలాంటివాళ్లు కారు.

2. ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకెళ్లండి.

ముఖ్యంగా పిల్లల్ని. వాళ్లు షోరూమ్‌లో అడుగుపెట్టగానే ఎర్ర కారెక్కి స్టీరింగు పట్టుకుని "నాన్నా, ఇదే కావాలి" అనాలి. అది సేల్స్ అబ్బాయి వినేంత దగ్గర్లో జరగాలి. ఆ తర్వాత మీరు మీ అవసరమంతా విప్పి చెప్పండి. పాత కారు నిన్ననే ఆగిపోయిందని, వచ్చే గురువారం ఉదయం తొమ్మిదింటికి ముహూర్తమని, గృహప్రవేశానికి ఈ కారులోనే వెళ్లాలని ఆడపడుచుకి మాటిచ్చామని. అవతలివాడికి ఇంత సమాచారం ఇస్తే జాలిపడి తగ్గిస్తాడు కదా!

బావమరిదిని మరిచిపోకండి. అతనికి కార్ల గురించి అన్నీ తెలుసు. బానెట్ ఎత్తించి, లోపలికి తొంగిచూసి, "ఊఁ" అని మూసేస్తాడు. ఆ "ఊఁ"కి షోరూమ్ అంతా వణికిపోతుందని అతని నమ్మకం.

3. ఆన్‌రోడ్ ధర ఒక్కటే అడగండి. విడివిడి అంకెలు చూస్తే తలనొప్పి.

ఎక్స్‌షోరూమ్, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, హ్యాండ్లింగ్ చార్జీలు, "ఎసెన్షియల్ కిట్" అంటూ కాగితం మీద ఏడెనిమిది వరుసలు ఉంటాయి. కింద ఉన్న మొత్తం మీద ఒక రౌండ్ చుట్టి, "దీంట్లో ఎంత తగ్గిస్తావ్?" అనండి. ఇరవై వేలు తగ్గించి ఇస్తాడు. ఆ ఇరవై వేలు ఏ వరుసలో పెరిగి వచ్చాయో వెతక్కండి. హ్యాండ్లింగ్ చార్జీలు అసలు వసూలు చేయొద్దని కొన్ని రాష్ట్రాల రవాణా శాఖలే చెప్పాయి. మీకెందుకు? పాపం, కారుని యార్డు నుంచి ఇక్కడిదాకా నడుపుకొచ్చారు.

వేరియంట్ దగ్గర కూడా ఇదే ధోరణి. 9 లక్షల 90 వేల కారు చూస్తుంటే, ఇంకో 20 వేలకు సన్‌రూఫ్ వస్తుందంటాడు. ఒప్పేసుకోండి. తెలంగాణలో 2022 సవరణలోనే 5 నుంచి 10 లక్షల కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతమైతే, 10 లక్షలు దాటగానే 17 శాతం అయింది. ఆ లెక్కన మీ 20 వేల సన్‌రూఫ్‌కి పన్నే 33 వేలు ఎక్కువ పడుతుంది. దానికి తోడు 10 లక్షలు దాటిన కారు మీద ఒక శాతం టీసీఎస్ కట్టించుకుంటారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, వెనక్కి కూడా తెచ్చుకోవచ్చు. వదిలేయండి. మే నెల ఎండలో సన్‌రూఫ్ తెరిచి నిలబడితే ఆ సుఖమే వేరు.

ఇంకో చిట్కా. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఈ తగ్గింపు ఎవరు వెళ్లి అడిగినా వస్తుంది. అయినా దాన్ని మీ బేరం ఖాతాలోనే వేసుకోండి. అరవై వేలు తగ్గించానని ఆఫీసులో చెప్పండి, ఆర్థిక మంత్రి వచ్చి కాదనరు.

4. ఇన్సూరెన్స్ వాళ్లకే వదిలేయండి.

"బయట తీసుకుంటే క్లెయిమ్ అప్పుడు చాలా ఇబ్బంది సార్" అంటాడు సేల్స్ అబ్బాయి, గొంతు తగ్గించి, మీ మేలు కోరినట్టు. నమ్మండి. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరని 2018 సెప్టెంబరు నుంచి నిబంధన ఉంది. ఆ ప్రీమియం ఎక్కడ తీసుకున్నా ఒకటే, అది ప్రభుత్వం నిర్ణయించిన అంకె. తేడా అంతా ఓన్ డ్యామేజీలో, దానికి తగిలించే యాడ్-ఆన్‌లలో ఉంటుంది. అదే కారుకి, అదే కవరేజీకి బయట కొటేషన్ తెచ్చి బల్ల మీద పెడితే షోరూమ్ ప్రీమియం కూడా దానంతటదే దిగడం చాలామంది చూశారు. వాళ్లకి వేరే పని లేదు. ఫోన్లో నాలుగు వేళ్లు కదిపే ఓపిక మీకెక్కడిది?

పాత కారు మీద అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి ఉంటే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది. అది బండిది కాదు, మీది. కొత్త కారుకి తెచ్చుకోవచ్చు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనకండి. వాళ్లంతట వాళ్లు గుర్తుచేయరు. మీరూ చేయకండి, లెక్క సరిపోతుంది.

5. కారు ధర గురించి కాదు, నెలకి ఎంత అన్నదాని గురించి బేరమాడండి.

ఇది అసలైన రహస్యం. శ్రద్ధగా వినండి. 8 లక్షల లోను, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, అయిదేళ్లయితే ఈఎంఐ 16,800 చిల్లర. "అంత కట్టలేను" అని కుర్చీ వెనక్కి జరపండి. అతను కాలిక్యులేటర్ మీద టకటకా నొక్కి, స్క్రీను మీవైపు తిప్పుతాడు: 13,075. నెలకి మూడువేల ఏడొందలు తగ్గించేశారు! అయిదేళ్లు ఏడేళ్లయిన సంగతి పట్టించుకోకండి. అలా చేస్తే వడ్డీ 2 లక్షల 8 వేల నుంచి దగ్గర దగ్గర 3 లక్షలకి చేరుతుంది. ఆ తొంభై వేలు మీరు ఒక్కసారిగా కట్టడం లేదు కదా, తెలియకుండా పోతాయి. నొప్పి తెలియనిది ఖర్చు కిందకి రాదు.

మీ జీతం పడే బ్యాంకు ఇంకా తక్కువకి ఇస్తుందేమో అని ఫోన్ చేయకండి. అక్కడ క్యూ ఉంటుంది, పాస్‌బుక్ జిరాక్స్ అడుగుతారు. షోరూమ్‌లో లోన్ ఇప్పించే కుర్రాడు మీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. లోన్ ఇప్పించినందుకు షోరూమ్‌కీ కాస్త ముడుతుంది. నలుగురూ బాగుండాలి. ఫ్లాట్ రేటు అని చెప్పినా, తగ్గే బాకీ మీద లెక్క అని చెప్పినా తలూపండి. రెండూ శాతాలే.

6. పాత కారు ఇక్కడే ఇచ్చేయండి.

బయట అమ్మితే ఎవరెవరో వచ్చి ట్రయల్ అడుగుతారు, టైర్లు తంతారు. షోరూమ్‌లో ఆ గొడవ లేదు. "ఎక్స్ఛేంజ్ బోనస్ నలభై వేలు" అని బోర్డు మీదే ఉంటుంది. పాత కారుకి కట్టే ధరలో అరవై వేలు కోసి, బోనస్ కింద నలభై ఇస్తాడు. మీరు ఆ నలభై దగ్గరే ఆగి చప్పట్లు కొట్టండి.

ఫారం 29, ఫారం 30 ఖాళీగా ముందు పెడతారు. సంతకాలు పెట్టి తాళం ఇచ్చేయండి. ఎవరి పేరుకి ఎక్కించారు, ఎప్పుడు ఎక్కించారు అని వెంటపడితే మర్యాదగా ఉండదు. ఆర్‌సీలో మీ పేరు ఉన్నంతకాలం చట్టం దృష్టిలో ఓనరు మీరే. కాబట్టి మీరు ఎప్పుడూ వెళ్లని ఏ హైవే మీదో మీ పాత బండి ఓవర్‌స్పీడు చలానా మీ ఫోనుకే వస్తుంది. అంత పాత స్నేహం తెగిపోకుండా ఉండడం అదృష్టం.

7. మ్యాట్ల దగ్గర మాత్రం ప్రాణం పెట్టి పోరాడండి.

ఇంతదాకా దాచుకున్న బలమంతా ఇక్కడ వాడాలి. బల్ల మీద చెయ్యి కొట్టండి. "పదకొండు లక్షలు పోస్తుంటే రెండువేల మ్యాట్లు ఇవ్వలేవా?" అనండి. "మేనేజర్ని అడుగుతా సార్" అని లోపలికెళ్తాడు. అద్దం గదిలో మేనేజరు ఫోన్లో క్రికెట్ చూస్తుంటాడు, అబ్బాయి పక్కన నిలబడి రెండు ఓవర్లు చూసి బయటికొచ్చి మొహం వేలాడేసుకుని "మీకోసం కాబట్టి ఒప్పుకున్నారు సార్" అంటాడు. విజయం! వెంటనే మడ్‌ఫ్లాప్‌లు అడగండి. తర్వాత పర్ఫ్యూమ్. తర్వాత డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు. ఫుల్ ట్యాంక్ పెట్రోలు అడిగితే అయిదు లీటర్లు పోయిస్తాడు. ఒక్కొక్కటీ గెలుస్తూ పోతుంటే మీకు మంచి ఊపొస్తుంది. ఆ ఊపులోనే పద్దెనిమిది వేల సిరామిక్ కోటింగు, అండర్‌బాడీ కోటింగు, ఎక్స్‌టెండెడ్ వారంటీ కలిసి ఒక ప్యాకేజీగా వస్తాయి. "దీనికి పాతిక శాతం డిస్కౌంటు" అంటే సంతకం పెట్టేయండి. మ్యాట్లు గెలిచిన చేత్తో సంతకం పెడితే అందమే వేరు.

8. ముందు అడ్వాన్సు కట్టి, తర్వాత "వెళ్లిపోతున్నా" అని బెదిరించండి.

బేరంలో లేచి వెళ్లిపోవడం గొప్ప అస్త్రమని అందరికీ తెలుసు. అయితే దాన్ని వట్టి చేతులతో వాడితే అవతలివాడికి బాధ ఎక్కువ. అందుకే ముందు పాతికవేలు బుకింగ్ అమౌంటు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, అప్పుడు లేవండి. గుమ్మం దాకా నడవండి. వెనక నుంచి ఎవరూ పిలవకపోతే, ఫోను మరిచిపోయినట్టు తిరిగొచ్చి కూర్చోండి. అసలు ఫోను బల్ల మీద వదిలే లేవండి, సాకు పక్కాగా ఉంటుంది.

9. ఇంకా తెలివైనవాళ్లకి: పాండిచ్చేరి.

అక్కడ పన్ను తక్కువ కాబట్టి అద్దె అడ్రసు చూపించి అక్కడే రిజిస్టర్ చేయిస్తానని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. చేయించండి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి తిరిగితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం అంటుంది, ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కట్టాలి. ఆర్‌టీఏ వాళ్లు ఆపినప్పుడు "నిన్ననే వచ్చాను" అనండి. అదే మాట రెండో ఏడు కూడా అనండి, మూడో ఏడు కూడా. వాళ్లు టోల్‌గేటు రికార్డు తీసి చూపిస్తే నవ్వండి. ఏజెంటుకి ఇచ్చిన డబ్బు, అక్కడ కట్టిన పన్ను, ఇక్కడ కట్టే పన్ను, జరిమానా అన్నీ కలిపితే మిగిలింది మైనస్‌లోకి పోతుంది కానీ, ఆ సాహసం చేయగలిగేవాళ్లు ఎందరుంటారు చెప్పండి?

10. డెలివరీ రోజు ఫొటో మీద దృష్టి పెట్టండి.

కారు పగలు చూడకండి. సాయంత్రం ఏడింటికి తీసుకోండి, ట్యూబ్‌లైట్ల కింద ఏ గీతలూ కనపడవు. ఓడోమీటరు ఎంత తిరిగిందో, టైరు మీద తయారీ వారం ఏదో, స్పేర్ చక్రం ఉందో లేదో తర్వాత చూసుకోవచ్చు. రెండు చేతులతో పట్టుకోవాల్సిన అట్టముక్క తాళం ఇస్తారు. కేకు కోయిస్తారు. ఫొటోగ్రాఫర్ "సార్, కొంచెం నవ్వండి" అన్నప్పుడే, కనిపించని వైపు నుంచి ఇంకో కాగితం మీ చేతికి వస్తుంది. నవ్వుతూనే పెట్టేయండి.

11. ఇంట్లో చెప్పాల్సినవి.

ఆవిడ ఆన్‌రోడ్ ఎంత పడిందని అడుగుతుంది. ఎక్స్‌షోరూమ్ ధర చెప్పండి. ఈఎంఐ ఎన్నేళ్లని అడిగితే "ఎప్పుడైనా ముందే తీర్చేయొచ్చు" అనండి, ముందే తీరిస్తే చార్జీ ఎంతో మీకూ తెలియదు కాబట్టి అబద్ధమాడినట్టు కాదు. బావమరిది తక్కువకి ఇప్పించాడనండి. రేపు ఏదైనా తేడా వస్తే వాళ్ల తమ్ముడే కదా.

పక్కింటాయన వస్తాడు, కారు చుట్టూ ఒకసారి తిరుగుతాడు, మ్యాట్లు తొక్కి చూస్తాడు, "ఎంతకి తెచ్చారు?" అంటాడు. మీరు కట్టిన దానికి యాభై వేలు తగ్గించి చెప్పండి. ఆయన మర్నాడు అదే షోరూమ్‌కి వెళ్లి ఆ ధరే అడుగుతాడు. వాళ్లు నవ్వి, ముందు ఒక పాతికవేలు అడ్వాన్సు కట్టమంటారు. ఆయన్ని పంపినందుకు మీకు రిఫరల్ కింద ఒక ఫ్రీ కార్ వాష్ కూపన్ వస్తుంది. ఆదివారాలు చెల్లదు.