అన్నీ నూజివీడు తోటలోనే ఉన్నాయట

సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మనవాళ్ళు ఈమధ్య కాస్త నాజూకు నేర్చుకున్నారు. కులం నేరుగా అడగరు. "ఫలానా ఊళ్ళో ఫలానావారు మీకేమవుతారండీ?" అని నాలుగూళ్ళు తిప్పి కావలసింది రాబట్టుకుంటారు. కుక్కపిల్ల దగ్గర మాత్రం ఆ డొంకతిరుగుడు లేదు. ఫోనెత్తగానే మొదటి ప్రశ్న అదే: "ఏ బ్రీడండీ?"

బెజవాడ పటమటలో ఒక టీచరమ్మ ఉంది. చెన్నై-కోల్‌కతా రహదారీ, హైదరాబాద్ నుంచి బందరు పోయే రహదారీ అడ్డంగా కలుసుకునే బెంజ్ సర్కిల్‌లో, ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఓ తల్లికుక్క అయిదు పిల్లల్ని పెట్టి లారీ కింద పడిపోయింది. ఆవిడ వాటిని అట్టపెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. దీన్నే ఫోస్టరింగ్ అంటున్నారు. పేరు దర్జాగానే ఉంది. పని మాత్రం రాత్రి రెండింటికి లేచి సీసాతో పాలు పట్టడం, కళ్ళు తెరవని పిల్లలకు తడిగుడ్డతో పొట్టకింద రాసి ఉచ్చ పోయించడం, తెల్లారి స్కూలుకు పోయేలోపు కింద పరిచిన పేపర్లు మార్చడం. మా పత్రికల సంపాదకీయాలకు అంత వెచ్చటి స్పందన ఇంకెక్కడా రాదు.

రెండు నెలలు నిండాక "దత్తతకు కుక్కపిల్లలు" అని ఆవిడ ఫోటోలు పెట్టింది. ఇక ఫోన్లు.

"ఏ బ్రీడండీ?"

"వీధి కుక్క పిల్లలండి. నులిపురుగుల మందు వేశాం. మొదటి టీకా కూడా అయింది."

"వీధివా? పోనీ క్రాస్ ఏమన్నా తగిలి ఉంటుందా? తండ్రి ల్యాబ్ అయ్యే అవకాశం..."

"తండ్రిని మేం చూళ్ళేదండి."

"సరే, మగదేనా?"

"మగవి రెండూ వెళ్ళిపోయాయండి. ఆడవి మూడున్నాయి."

"ఆడదైతే కష్టమండీ. రంగు?"

"రెండు గోధుమరంగు, ఒకటి నలుపు."

"నలుపా! మా అత్తగారు ఒప్పుకోరండీ. శనివారం నల్లకుక్కకు రొట్టె పెట్టమని సిద్ధాంతిగారు చెప్పిన మాట నిజమే. కానీ అది వీధిలో పెట్టొచ్చు కదా, ఇంట్లోకెందుకు?"

ఆగలేదు పెద్దమనిషి. టీకాల ఖర్చు మీరే పెట్టుకుంటారా, పడక, గిన్నె, గొలుసు మీవైపు నుంచి ఇస్తారా అని కూడా అడిగాడు. బజారున పుట్టిన కుక్కపిల్లకు సైతం కట్నం రాబట్టగల జిల్లా మాది. ఆ తర్వాత టీచరమ్మ అడగడం మొదలెట్టింది. ఇల్లు సొంతమా, అద్దా? అద్దయితే ఓనరు ఒప్పుకున్నారా? మీరు సంక్రాంతికి ఊరెళితే దీన్ని ఎవరు చూస్తారు? వయసు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారా? ఆధార్ కాపీ ఒకటి ఇస్తారా? నెల తిరిగాక నేనొకసారి వచ్చి చూడొచ్చా? అవతల పెద్దమనిషికి పౌరుషం వచ్చింది. "ఇదెక్కడి ఎంక్వయిరీ అండీ! మా అమ్మాయి పెళ్ళికి కూడా ఇన్ని అడగలేదు మేము." అడిగి ఉండాల్సింది.

అలా అలిగినవారు ఊరికే ఉండరు. వారం తిరక్కుండా ముప్ఫై నలభై వేలు పోసి హస్కీని దింపుతారు. ఏ ప్రశ్నా వెయ్యకుండా ఇచ్చేవాడు అమ్మేవాడొక్కడే. అందుకే వాడు మర్యాదస్తుడు.

హస్కీ అంటే తెలుసుగా? సైబీరియాలో మంచుబండ్లు లాగే జాతి. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా సోకితే, రైలూ విమానమూ చేరలేని మంచులో చేతులు మార్చుకుంటూ మందు మోసుకెళ్ళిన బండ్లకు కట్టినవి ఇవే. ఆ జట్ల కుక్కల్లో బాల్టో అనేదానికి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం కూడా ఉంది. అంత చరిత్ర ఉన్న జాతికి బెజవాడలో అప్పగించిన ఉద్యోగం బాల్కనీలో నిలబడి ఫోటోలు దిగడం. బెజవాడను బ్లేజ్‌వాడ అన్నది ఎండను చూసే. మే నెలలో మనుషులే పన్నెండు దాటాక బందరు రోడ్డు మీదికి రారు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి ఒగర్చడమే దాని ఫ్యాను. హస్కీకి చర్మాన్ని అంటుకుని ఒకటి, దానిపైన మరొకటి, రెండు పొరల బొచ్చు. దానికోసం హాల్లో ఏసీ రోజంతా తిరగాలి. మొదటి నెల తిరుగుతుంది. రెండో నెల కరెంటు బిల్లు వస్తుంది.

అంతకుముందు పగ్ పిచ్చి. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఓ పిల్లవాడి వెనకాలే పగ్ ఒకటి నడిచింది. అది నడిచినంత దూరం దేశం మొత్తం నడిచింది. ముక్కు లోపలికి నొక్కుకుపోయి, పుట్టుకతోనే గాలి పీల్చడానికి అవస్థపడే జాతి అది. నిద్రలో అది పెట్టే గురకను "ఎంత ముద్దుగా ఉందో" అంటూ చుట్టాలకు వినిపించేవారు. ముద్దు కాదు నాయనా, ఊపిరాడకపోవడం!

మన డెల్టాకు సొంత కుక్క లేదా అంటే ఉంది. జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి లంకల నడుమ పుట్టిన జాతి. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, గట్టి కాళ్ళు. మామూలు మొరుగు కాదు దీనిది, రాగం తీసినట్టు గొంతు ఎత్తుతుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో చల్లగా పడుకుంటుంది, ఏసీ అడగదు. కోసిన వరిచేలల్లో వందల బాతుల్ని మేపుతూ తిరిగేవాళ్ళకు ఇదే కాపలా, ఇదే పాలేరు. ఒకరిని నమ్మిందంటే వారినే అంటిపెట్టుకుంటుంది. తర్వాత చేలు చేపల చెరువులయ్యాయి. బాతుల మందలు తగ్గాయి. పని పోయిన జోనంగులు చెరువు గట్ల మీద ఊరకుక్కల్లో కలిసిపోయాయి. ఇప్పుడు అసలు జాతి జోనంగిని వెతికి పట్టుకోవడం ఆసక్తిపరుల పనైపోయింది. ఇక్కడి ఎండకూ వానకూ బురదకూ తయారై పుట్టిన కుక్క గంటన్నర ప్రయాణంలో ఉంటే, మనం మంచుబండి కుక్క కోసం బెంగళూరు ఫోన్ చేస్తున్నాం. సీమ సరుకు మీద మోజు దొరలతో పోలేదు.

జోనంగి పేరు చెబితే మాత్రం ఇంటాయన మొహం ముడుచుకుంటుంది. "అది ఊరకుక్కలా ఉంటుందండీ." అవును, ఊరిదే కాబట్టి. ఇంటిముందు కట్టేసినప్పుడు దారినపోయేవాడు ఆగి "ఎంతకు కొన్నారండీ?" అని అడగాలి, అది అసలు కోరిక. ఊరకుక్కను చూసి ఆ ప్రశ్న ఎవరూ అడగరు. జంతుప్రేమకు మా ప్రాంతంలో ఎన్నడూ కొదవ లేదు. పుంజుకు జీడిపప్పు, బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి, ఏడాదంతా కొడుకులా పెంచి సంక్రాంతికి కాలికి కత్తి కట్టి బరిలోకి వదిలే చేతులు మావి.

ఇక కొత్త పిల్ల గృహప్రవేశం. గుమ్మానికి మామిడాకులు, ఎర్రనీళ్ళతో దిష్టి, రాత్రికి కేకు. కేకులో చాక్లెట్ ఉంటే అది కుక్కకు విషం. ఉల్లి, ద్రాక్ష కూడా పడవు. ఆ సంగతి ఎవరికీ తెలియదు, అదృష్టవశాత్తూ కేకంతా చుట్టాల పిల్లలు తినేశారు. పేరు బ్రూనో. లేకపోతే రాకీ. తెలుగు పేరు పెడితే అది ఇంగ్లీషు మీడియంలో పైకి రాదని భయం. 2022లో తెలుగులోకీ వచ్చిన "777 చార్లీ" సినిమా చూసి హాల్లో కర్చీఫులు తడిపినవాళ్ళలో చాలామంది ఆ చార్లీ ఎక్కడినుంచి పారిపోయి వచ్చిందో మర్చిపోయారు. కాసులకోసం కుక్కల చేత ఈతలు వేయించే ఓ బ్రీడర్ చెరలోంచి! ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలని 2017 నాటి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. కొనేటప్పుడు ఆ నమోదు కాగితం చూపించమన్నవారిని నేనింకా చూడలేదు. తాతముత్తాతల వివరాలున్న కాగితం మాత్రం అందరూ అడుగుతారు. అక్కడ మళ్ళీ వంశమే కావాలి.

మూడు వారాలు పండగే. తర్వాత సోఫా కాలు కొరుకుతుంది. చెప్పులు పోతాయి. టీకా తప్పితే పార్వో తగిలి నెత్తుటి విరేచనాలు పట్టుకుంటాయి, అప్పుడు గన్నవరం పశువైద్య కళాశాలకు పరుగు. మళ్ళీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లిఫ్టు గొడవ. కొడుకు బీటెక్‌కి హాస్టల్‌కి పోతాడు. కుక్క అందరిదీ అనుకున్నంతకాలం బాగానే ఉంది, చివరికి అమ్మ నెత్తిన పడింది. ఓ రోజు మీరు వాళ్ళింటికి వెళతారు. గొలుసు ఉంది, గిన్నె ఉంది, కుక్క లేదు.

"మా వాళ్ళ మామిడితోటలో వదిలామండీ, నూజివీడు దగ్గర. అక్కడ హాయిగా పరిగెడుతోంది. సిటీలో పాపం ఇరుకు కదా!"

ఈ తోట గురించి నేను చాలా ఇళ్ళలో విన్నాను. నూజివీడులో కొందరికి నిజంగానే తోటలున్నాయి, కాదనను. కానీ లెక్కవేస్తే బెజవాడ హస్కీలు, ల్యాబ్‌లు, పగ్‌లు అన్నీ ఆ తోటల్లోనే ఉండాలి. అవన్నీ అక్కడ ఉంటే రసాలు కోసేవాడికి చెట్టు ఎక్కడానికి దారి దొరకదు. పోనీ ఈ ఆదివారం చూసొద్దాం పదండి అంటే ఎవరూ కారు తియ్యరు. మెడలో పట్టీ ఆనవాలు ఇంకా చెరగని కుక్కలు హైవే పక్క టీకొట్ల దగ్గర కనబడుతుంటాయి. కారు ఆగితే చాలు, తలుపు దగ్గరకు వచ్చి నిలబడతాయి. వాటికి వీధిలో బతకడం రాదు. వీధి కుక్కలు వాటిని రానివ్వవు.

దీనికి చట్టం లేదనుకోకండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షను, ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలెయ్యడం నేరమంటుంది. మొదటిసారి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. మీరు చదివింది నిజమే, వేలు కాదు. నలభై వేల కుక్కను రోడ్డు మీద వదిలితే గరిష్ఠంగా యాభై రూపాయలు. దానికి కొన్న సబ్బుసీసా ఖరీదు ఇంతకన్నా ఎక్కువ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే వంద రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ రెండోసారి దాకా పట్టుకునేవాడు ఎవడు?

ఇదే పెద్దమనిషి సాయంత్రం టీవీలో కుక్కల చర్చ వస్తే రెచ్చిపోతాడు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల్ని షెల్టర్లకు తరలించమన్నప్పుడు చప్పట్లు కొట్టాడు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషనూ టీకా అయ్యాక ఎక్కడివి అక్కడే వదలమని, రేబిస్ సోకినవీ మీదపడేవీ మాత్రం వద్దని అన్నప్పుడు తిట్టాడు. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసెయ్యమంటే మళ్ళీ చప్పట్లు. కుక్కకాటుకు భయపడేవారిని నేను వెక్కిరించను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నా గొడవ ఈ చప్పట్లు కొట్టే ఆయనతో. ఆపరేషన్ చేయించని ఆడకుక్కను ఆయన తెచ్చి రోడ్డు మీద వదిలాడు. రెండు నెలల చూలు, ఈతకు అయిదారు పిల్లలు, ఏడాదికి రెండీతలు వెయ్యగలదు. ఆ లెక్క ఆయన కార్పొరేషన్‌ను అడుగుతున్నాడు.

ఆగస్టు 22 ఉత్తర్వులో ఎవరూ చర్చించని మాట ఒకటుంది. వీధికుక్కను పెంచుకోదలచినవారు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెంచుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూడాల్సిన బాధ్యత మాత్రం వారిదే. టీచరమ్మ ఆధార్ అడిగితే అలిగినవారు సుప్రీంకోర్టు మీద కూడా అలగాలి మరి.

కుక్కను తెచ్చుకోవాలనుకునే బెజవాడ గృహస్థులకు ఒక మనవి. ముందు ఇంట్లో ఎవరు దాని ఉచ్చ తుడుస్తారో తేల్చుకోండి, పిల్లలు తుడుస్తామంటే నమ్మకండి. తేలాక ఊరకుక్క పిల్లనే తెచ్చుకోండి, వీలైతే ఎవరూ అడగని నల్లటి ఆడపిల్లను. డాక్టరు చెప్పిన వయసుకు ఆపరేషన్ చేయించండి. లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను 1885లో తొలిసారి మనిషికి వేయించిన రోజు జూలై 6. ఆ రోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. పెందలాడే వెళ్ళండి, ఎండెక్కితే మీకూ దానికీ కష్టం.