ఎపిసోడేశ్వరరావు

తెల్లారి ఆరింటికి పున్నమి ఘాట్ మెట్ల మీద ఒక కుర్రాడు ఒంటికాలి మీద నిలబడి, గింబల్‌కి తగిలించిన ఫోను పట్టుకుని కృష్ణలోకి వంగుతుంటే కంగారు పడక్కర్లేదు. అతను దూకడు. ద్వాపరయుగాన్ని ఫ్రేములో పెట్టే పనిలో ఉన్నాడు. బ్యారేజీ మీద ఆటోలు కనపడకుండా.

బీటెక్ పూర్తయ్యాక, అమీర్‌పేట కోచింగుకి బస్సెక్కే లోపు దొరికే ఖాళీలో బెజవాడలో ఇలాంటివాళ్ళు పుట్టుకొస్తారు. ఇళ్ళల్లో పేర్లు వేరే ఉంటాయి గానీ, మన సౌకర్యం కోసం ఎపిసోడేశ్వరరావు అందాం. పాత సాహిత్యాన్ని ఎనిమిదేసి నిమిషాల ముక్కలుగా కోసి, ఇప్పటి బట్టలు తొడిగి యూట్యూబులో వడ్డించడం ఇతని వ్రతం.

ఇతనికి గురువు గురజాడ కాదు, విశ్వనాథ అసలే కాదు. లిజ్జీ బెన్నెట్. 2012లో అమెరికాలో హ్యాంక్ గ్రీన్, బెర్నీ సూ కలిసి జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ని ఒకమ్మాయి తన గదిలో కూర్చుని కెమెరాతో చెప్పుకునే కబుర్లుగా మార్చి, 100 ఎపిసోడ్లు తీశారు. దానికి ఎమ్మీ కూడా వచ్చింది. ఒక గది, ఒక కుర్చీ, ఒక కెమెరా. జేబులో డబ్బుల్లేనివాడికి ఇంతకంటే ఉపనిషత్తు ఏముంటుంది? విశ్వనాథ సత్యనారాయణ ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పాడని తెలిసి, జనవరి పుస్తక మహోత్సవంలో 'వేయిపడగలు' భక్తిగా కొన్నాడు. లైటు స్టాండు ఎత్తు చాలనప్పుడల్లా అది చాలా ఉపయోగపడుతోంది.

ఒరిజినల్‌ని ముట్టుకోకూడదన్నది ఇతని మొదటి సూత్రం. ఒరిజినల్ అంటే పండగనాడు టీవీలో చూసిన సినిమా. పునుగుల బండి దగ్గర ఒకసారి పెద్ద గొడవైంది. ఎవడో అభిమన్యుడి కథ తీస్తూ శశిరేఖను ఎత్తేశాడట. "వ్యాసుడు చూస్తే గుండె పగిలి చచ్చిపోతాడ్రా!" అని మనవాడు చట్నీ ఒలకబోసుకున్నాడు. వ్యాసుడికి ఆ ప్రమాదం లేదు. ఆయన భారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురే లేదు. అభిమన్యుడు చేసుకున్నది ఉత్తరని. శశిరేఖ ఆ తర్వాత జనం కల్పించుకున్న పిల్ల. నాటకాల్లో పెరిగి, 1957లో కె.వి. రెడ్డి 'మాయాబజార్'లో సావిత్రి రూపంలో స్థిరపడిపోయింది. పాండవుల కథలో పాండవులే కనపడని ఆ సినిమాకి ప్రాణం పోసిన ఘటోత్కచుడు, ఎస్.వి. రంగారావు, మన నూజివీడులోనే పుట్టాడు. అందులో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎక్కడో ఉన్న అభిమన్యుడు కనపడతాడు. వీడియో కాల్ ఎవరు కనిపెట్టారన్న తగాదా అక్కడితో తీరిపోవాలి. ప్రకాశం బ్యారేజీ పూర్తయిందీ ఆ ఏడాదే. బెజవాడ వాళ్ళకి ఆ రెండూ సృష్టి మొదటినుంచీ ఉన్నట్టే అనిపిస్తాయి.

నిజానికి ఈ పిచ్చి డెల్టాకి కొత్తది కాదు. మొవ్వ మండలం ఒక్కటి చూడండి. భాగవతంలోని గోపాలుణ్ణి ఊరి మొగుడిగా చేసి, అలిగిన ఆడవాళ్ళ నోట పదాలు పలికించిన క్షేత్రయ్యది ఆ మొవ్వే అంటారు. పక్కన కూచిపూడి. సత్యభామ అలకని పట్టుకుని రాత్రంతా సాగే భామాకలాపంగా పెంచింది అక్కడే. సిద్ధేంద్రయోగి పేరు చెప్పి, ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది ఆనవాయితీ. ఇంకాస్త అవతల కాజ, యద్దనపూడి సులోచనారాణి ఊరు. ఆవిడ 'మీనా'ని 1973లో విజయనిర్మల సినిమాగా తీసింది. 2016లో 'అ ఆ' వచ్చినప్పుడు, ఇది మా మీనాయే కదా అని గుర్తుపట్టినవాళ్ళు పాత వారపత్రికల పాఠకులు.

ఎపిసోడేశ్వరరావు ఇప్పుడు తీస్తున్నది ఆ సత్యభామనే. టైటిల్ దగ్గరే దెబ్బ తగిలింది. 'భామాకలాపం' పేరు 2022లోనే ఆహాలో వచ్చేసింది. అందులో ప్రియమణి వంటల యూట్యూబ్ ఛానెల్ నడిపే ఇల్లాలు. కృష్ణుడికీ ఆ కథకీ సంబంధమే లేదు. ఆ కడుపుమంటతోనే మనవాడు స్క్రిప్టు రాశాడు. కలాపంలో సత్యభామ అద్దం చూసుకుంటూ, మనిద్దరిలో ఎవరందం అని కృష్ణుణ్ణి అడిగి కొంప మీదకి తెచ్చుకుంటుంది. ఇతను అద్దం తీసేసి సెల్ఫీ పెట్టాడు, ఎవరికి ఎన్ని లైకులన్నది తగాదా. ఒప్పుకోవాలి, అది భలే కుదిరింది. మాధవి చేత పంపే లేఖ వాయిస్ మెసేజ్ అయింది. నీలమేఘశ్యాముడి దగ్గర్నుంచి నీలం టిక్కులు తప్ప జవాబు రాదు.

మొదటి ఎపిసోడ్ సత్యనారాయణపురంలో అమ్మమ్మకి చూపించాడు. చిన్నప్పుడు వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం చూసి, అది ఆడమనిషేనని తోటిపిల్లలతో పందెం కాసి ఓడిపోయిన మనిషి ఆవిడ. కళ్ళజోడు సర్దుకుని ఎనిమిది నిమిషాలూ కదలకుండా చూసింది.

"ఏరా, జడేదీ?"

"మోడర్న్ సత్యభామ అమ్మమ్మా. బాబ్ కట్."

"మోడర్నయితే పొగరు తగ్గిద్దా? తెర మీద నుంచి జడ ఇటు పడేసి సవాలు చేసేది. మొహం చూపించకముందే జనం దణ్ణం పెట్టేవాళ్ళు. అది లేకుండా ఏం తీశావురా?"

ఆ సాయంత్రం బీసెంట్ రోడ్డులో బేరమాడి మోకాళ్ళదాకా వచ్చే సవరం కొన్నాడు. బాబ్ కట్ హీరోయిన్‌కి అది ఏ పిన్నుతోనూ నిలవలేదు. మర్నాడు పొద్దున్నే మేడ మీద అమ్మమ్మ దుప్పటిని ఇద్దరు కుర్రాళ్ళు తెరగా పట్టుకున్నారు. వెనక, సౌండ్ రికార్డు చేసే కుర్రాడు నెత్తికి తలపాగాలా గుడ్డ చుట్టి, దానికి సవరం కట్టించుకుని నిలబడ్డాడు. మూడోసారికి జడ సరిగ్గా తెర ఇవతల పడింది. అమ్మమ్మ కింద నుంచి మెట్లెక్కి వచ్చి, వాడి గడ్డం వైపు చూసి, "కాస్త నడుం వంచరా నాయనా" అంది.