కలకూ ఓ ఎన్‌వోసీ!

శుభవార్త. ఇక మీరు పెద్ద పెద్ద కలలు కనొచ్చట. స్టార్ హోటల్ హాల్లో చెవికి మైకు తగిలించుకున్న ఓ పెద్దమనిషి సెలవిచ్చాడు. 'వయసొచ్చిందని కలలెందుకు మానేశారు? మీకు మీరే అనుమతి ఇచ్చుకోండి' అన్నాడు. చప్పట్లు. పక్క కుర్చీలోవాళ్లను కౌగిలించుకోమన్నాడు. కౌగిలించుకున్నారు. ఏడవమన్నాడు. ఏడ్చారు. బయటికొచ్చే దారిలో బల్ల వేసి 'అడ్వాన్స్‌డ్ లెవెల్' కోర్సుకు డబ్బు కట్టించుకున్నారు. అనుమతి ఫ్రీ. కోర్సుకు మాత్రం జీఎస్టీ అదనం.

ఇందులో కిటుకు కనిపెట్టారా? అనుమతి ఇచ్చుకోవాల్సింది మీరే అయితే, ఇన్నాళ్లూ ఇవ్వనిదీ మీరే. అంటే తప్పంతా మీదే. బ్యాంకుది కాదు. సర్వీస్ కమిషన్‌ది కాదు. సోఫాలో కాళ్లు చాపుకుని 'ఈ వయసులో నీకెందుకివన్నీ' అన్న మొగుడిదీ కాదు. ఎంత హాయి! ఒక్క మాటతో ఊరందరికీ క్లీన్‌చిట్.

పదహారేళ్లప్పుడు కలగంటే ఏమన్నారు? 'ముందు ర్యాంకు తెచ్చుకో.' పాతికేళ్లకు? 'ముందు ఉద్యోగం.' ముప్పైకి పెళ్లి, ప్లాటు, ఈఎంఐ. నలభైకి పిల్లల ఫీజులు. యాభైకి కూతురి పెళ్లి. అరవై రాగానే 'ఇంకేం కావాలి, రామకోటి రాసుకో.' మరి కలకు స్లాట్ ఎప్పుడిచ్చారు స్వామీ? తిరుమల దర్శనానికైనా స్లాట్ దొరుకుతుంది.

సరే, మైకు స్వామి మాటే విందాం. నలభై ఆరేళ్ల ఓ అమ్మ తనకు తాను అనుమతి ఇచ్చేసుకుందనుకోండి. కర్రీ పాయింట్ పెట్టాలని ఆవిడ కోరిక. ఏం, అది పెద్ద కల కాదా? పాతికేళ్లు ఒకే ఇంట్లో వండి వార్చి, 'ఉప్పు తక్కువైంది' తప్ప మరో సర్టిఫికెట్ ఎరగని మనిషి. సందు మొదట్లో ఓ షట్టరు, దాని మీద తన పేరుతో బోర్డు, వరసగా స్టీలు గిన్నెలు, కవర్లో పప్పుచారు పోసి గిర్రున తిప్పి రబ్బరు బ్యాండు బిగించే కుర్రాడు. ఆవిడ అడిగిన సామ్రాజ్యం ఇంతే.

బ్యాంకుకు వెళ్లింది. గోడ మీద ముద్రా యోజన పోస్టరు. 2015 ఏప్రిల్‌లో మొదలైన పథకం. యాభై వేల దాకా 'శిశు', ఐదు లక్షల దాకా 'కిశోర్', పది లక్షల దాకా 'తరుణ్'. 2024లో 'తరుణ్ ప్లస్' అని ఇరవై లక్షల దాకా లాగారు. నడివయసువాళ్లు కూడా దేశంలో ఉంటారని ఎవరికీ తట్టలేదు. ఈ అమ్మ అడిగింది యాభై వేలు. కాబట్టి ఆవిడ శిశువు. పోనీలెండి. పూచీకత్తు అక్కర్లేదని పోస్టరు చెబుతోంది కదా! ఆ పోస్టరు కిందే కూర్చున్న సారు ఏమడిగారు? 'మీ ఆయనేం చేస్తారమ్మా? ఇల్లెవరి పేరున ఉంది? గవర్నమెంటు ఉద్యోగి ఎవరైనా సంతకం పెడతారా? సిబిల్ స్కోరు ఎంత?' ఆవిడ జన్మలో అప్పు చేయలేదు. అందుకే సిబిల్ లేదు. అప్పు చేయనివాళ్లకు అప్పు పుట్టదట. మరి చేసి ఎగ్గొట్టేవాళ్లకు?

భేషుగ్గా పుడుతుంది. విమానాల కల కన్న విజయ్ మాల్యా దగ్గర మన బ్యాంకులు కంపెనీ పేరునూ లోగోనూ తాకట్టు పెట్టుకున్నాయి. పేరును! 2016 మార్చిలో ఆయన లండన్ విమానం ఎక్కాడు. 9 వేల కోట్లకు పైగా బాకీ అంటూ బ్యాంకులు కోర్టుకెక్కాయి. తాకట్టు పెట్టుకున్న పేరును వేలం వేస్తే కొనే నాథుడు లేడు. ఆ లోగోలోని పిట్టబొమ్మకున్న పరపతి ఈ అమ్మ గోంగూర పచ్చడికి లేకపోయింది. పచ్చడినే వేలం వేసి ఉంటే ఎవరో ఒకరు పాడుకునేవారు, కనీసం అన్నంలోకైనా పనికొచ్చేది.

ఇక సర్కారు కొలువు కల. దీనికి అనుమతి వేరు. పుట్టినతేదీ ధ్రువీకరణతో సహా.

తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్‌కు దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. 2022 ఏప్రిల్‌లో వచ్చింది. 503 పోస్టులు. అక్టోబరులో ప్రిలిమ్స్. 2023 మార్చిలో పేపర్ల లీకేజీతో రద్దు. జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్. ఈసారి బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు రద్దు. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ చెత్తబుట్టలోకి, 563 పోస్టులతో కొత్తది బయటికి. ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్. మెయిన్స్ అయ్యాయి. మార్కులొచ్చాయి. మళ్లీ కోర్టు. 2025 సెప్టెంబరు చివర్లో నియామక పత్రాలు, అవి కూడా తుది తీర్పుకు లోబడి.

ఈ మూడున్నరేళ్లూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒకే గదిలో మూడు మంచాలు. అందులో ఒకదాని మీద గ్రూప్-1 కలగన్న ఓ కుర్రాడు. గోడకు రాజ్యాంగం ఆర్టికళ్ల పట్టిక. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం క్యూ. పండక్కి ఊరెళ్లడం ఎప్పుడో మానేశాడు. వెళ్తే 'ఏం చేస్తున్నావ్' అని అడుగుతారు కదా! మొదట్లో అమ్మ ఫోన్ చేసి 'పరీక్ష ఎప్పుడ్రా' అనేది. తర్వాత 'పరీక్ష ఉందా, లేదా' అని అడగడం మొదలుపెట్టింది. పేపరు లీకు చేసింది ఎవరో. వేలిముద్రలు మరిచింది ఎవరో. పెరిగింది మాత్రం వీడి వయసు. అప్పుడు ఏలినవారు దయతలచి గరిష్ఠ వయసు 44 నుంచి 46కు పెంచారు. దాని పేరు 'సడలింపు'. జేబు కొట్టేసినవాడు బస్సు ఛార్జీకి పది రూపాయలు చేతిలో పెడితే దండం పెట్టాలా?

ఆంధ్రావాళ్లు మరీ అంత నవ్వుకోకండి. మీ 2018 గ్రూప్-1 మెయిన్స్‌ను 2024 మార్చిలో హైకోర్టు రద్దు చేసింది. అప్పటికే ఎంపికైనవాళ్లు కొలువుల్లో కూర్చుని ఫైళ్లు చూస్తున్నారు. అప్పీలుకెళ్తే స్టే వచ్చింది, ఊపిరాడింది. పంతులుద్యోగాల సంగతో? 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లో. మధ్యలో, సరిగ్గా ఎన్నికల ముంగిట, 6,100 పోస్టులతో ఒక నోటిఫికేషన్ మెరుపులా వచ్చి మెరుపులా పోయింది. 2024 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం 16,347 పోస్టుల మెగా డీఎస్సీ మీద పెట్టారు. ఫ్లెక్సీలు కట్టారు, పాలాభిషేకాలు చేశారు. సంతకం నుంచి నోటిఫికేషన్‌కు పది నెలలు. కలం మాత్రం తొలిరోజే కదిలింది, పాపం.

ఇప్పుడు అసలు ముచ్చట. అటెండరు పోస్టుకు గరిష్ఠ వయసుంది. కానిస్టేబులుకుంది. మరి మంత్రికి? రాజ్యాంగం తిరగేయండి, ఎలాగూ ఆ కుర్రాడి గోడ మీద ఉంది. ఎమ్మెల్యేకూ లోక్‌సభ సభ్యుడికీ కనీసం 25 ఏళ్లుండాలి. రాష్ట్రపతికి 35. గరిష్ఠం? ఆ గడే లేదు. మొరార్జీ దేశాయ్ 1977లో ప్రధాని అయ్యేనాటికి 81 ఏళ్లు. 'ఏజ్ బార్ అండీ' అని ఎవరైనా ఫారం వెనక్కి విసిరారా?

మన ఇలాకా కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టేనాటికి 59వ ఏట ఉన్నారు. సినిమాలు పక్కనపెట్టి చైతన్య రథమెక్కి, తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నారు. లేటు వయసులో పెద్ద కల కనడమంటే అదీ. ఒప్పుకోవాల్సిందే. 1983 జనవరిలో ప్రమాణ స్వీకారం. ఫిబ్రవరిలో ఏం చేశారు? ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు కోసేశారు! అరవైకి దగ్గరపడ్డ మనిషి కొత్త ఉద్యోగంలో చేరి, రెండు నెలలు తిరగకుండానే యాభై ఐదేళ్లవాళ్లను 'ఇక విశ్రాంతి తీసుకోండి' అని సాగనంపారు. వేలమంది చెంబూ తట్టా సర్దుకున్నారు. సుప్రీంకోర్టుకెళ్తే 1985లో 'అదీ సబబే' అంది. అప్పటికే మళ్లీ 58 చేశారనుకోండి. ఇప్పుడు గాలి అటు తిరిగింది. 2021లో తెలంగాణలో 61, 2022లో ఆంధ్రలో 62. కుర్రాళ్ల మీద ప్రేమ పొంగితే కోత. ఖజానాలో గ్రాట్యుటీ సొమ్ముకు కటకట వస్తే పొడిగింపు. మీరు ముసలివాళ్లో కాదో తేల్చేది మీ మోకాళ్లు కాదు, ఆర్థిక శాఖ.

నవ్వుతున్నారా? సర్కారును తిడితే మనకు భలే హుషారు. ఒకసారి ఇంటికి రండి. అక్కడ అనుమతి స్టాంపు ఎవరి చేతిలో ఉంది?

మీ చేతిలోనే. ఎలాగంటారా? దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో ఉంది. మధ్యలో బడి మానేసిన పెద్దవాళ్ల కోసం కూడా పెట్టిన చదువు. ఆ డిగ్రీ చూపిస్తే మీరేమంటారు? 'ఓహో... ఓపెనా?' ఆ దీర్ఘం ఒక్కటి చాలు. వారమంతా బట్టల షాపులో నిలబడి, ఆదివారం స్టడీ సెంటర్లో కూర్చుని పాసైనవాడు మీకు చులకన. నాన్న కొనిచ్చిన మేనేజ్‌మెంట్ కోటా సీటు మీకు ఘనం. పెళ్లిసంబంధాల దగ్గరా అంతే, ఆఫీసు ఇంటర్వ్యూలోనూ అంతే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వేదికల మీద ఎంత చక్కగా వాడుకుంటాం! ఎనిమిదేళ్లకు పెళ్లి చేస్తే ఆ పెళ్లిని కాదనుకున్నారావిడ. జైళ్లకు వెళ్లారు. ఆ తర్వాత మెట్రిక్‌కు కూర్చున్నారు. లా చదివారు. రాజ్యాంగ సభలో నిలబడి మాట్లాడారు. అక్కడితో ఆగారా? చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు తక్కువ కాలంలో పరీక్ష రాయించే కోర్సులు నడిపారు, నడిపించారు. 'అమ్మా, నీకు నువ్వే అనుమతి ఇచ్చుకో' అని ఉపన్యాసం దంచి చేతులు దులుపుకోలేదు. కూర్చునేందుకు చోటు, చెప్పేందుకు మనిషి, రాసేందుకు పరీక్ష చూపించారు. మనమేం చేస్తున్నాం? మార్చి 8న ఆవిడ ఫొటోకు దండ వేసి, సెల్ఫీ దిగి, రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి 'టిఫినేదీ?' అంటున్నాం.

ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కనీస వయసు 14. గరిష్ఠం లేదు, అచ్చం మంత్రి పదవిలాగే. రేపు మీ ఇంట్లో యాభై ఏళ్లావిడ ఆ దరఖాస్తు తెచ్చి ఫీజు అడిగిందనుకోండి. మీ నోట ముందు ఊడిపడే మాటేది? నిజం చెప్పండి. 'ఈ వయసులోనా?' అంతేగా! భేష్. ఆ మాటను పారేసుకోకండి, జాగ్రత్తగా దాచండి. వచ్చే ఎన్నికల్లో డెబ్బై ఐదేళ్ల నాయకుడు రెండు చేతులూ జోడించి మీ గుమ్మం ముందుకొస్తాడు. అప్పుడు అనండి చూద్దాం.