పోటు డీఈ గారు

అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళకి మే నెలలో ఆవకాయ ప్యాకెట్లతో పాటు ఓ రిటైర్డు డివిజనల్ ఇంజనీరు, అదే డీఈ గారు, దిగుతారు. ఏ ఊరి కరెంటాఫీసులో చేసి వచ్చినా మనిషి మాత్రం ఒక్కరే. విమానం దిగిన మర్నాడే కొడుకింట్లో మీటరెక్కడుందో వెతుకుతారు. “మనకి 230 వోల్టులు, వీళ్ళకి 120. సగమే! అయినా అగ్రరాజ్యమట” అని టిఫినుకి ముందే తేల్చేస్తారు.

న్యూయార్క్‌లో మా రూజ్‌వెల్ట్ ఐలాండుకి వచ్చిన డీఈ గారికి మీటరుతో పాటు ఈస్ట్ రివరు కూడా దొరికింది. పొద్దున్నే మంకీ క్యాపు పెట్టుకుని, క్వీన్స్ వైపు గట్టున రెయిలింగు పట్టుకుని నిలబడతారు. దారినపోయే తెలుగు ముఖాన్ని వదలరు.

“ఇది నది కాదు నాయనా, పేరే నది. అటూ ఇటూ సముద్రమే. పోటుకి ఒకవైపు పారుతుంది, ఆటుకి రెండోవైపు. ఇక్కడే అడుగున టర్బైన్లు పెట్టారు, 2006లో.”

“ఎక్కడ బాబాయ్ గారూ?”

“కనపడవు. అదే గొప్ప.”

మొదట వేసిన రెక్కలు ప్రవాహం దెబ్బకి విరిగాయని చెప్పేటప్పుడు ఆయన ముఖంలో చిన్న సంతోషం. అమెరికా సరుకు కూడా విరుగుతుందన్నమాట. గట్టివి చేసి మళ్ళీ దింపారు. ఇక్కడి సూపర్‌మార్కెట్టుకీ పార్కింగుకీ కరెంటిచ్చారు. నీరెటు తిరిగితే టర్బైన్ తలా అటే తిరిగేది. “ప్రభుత్వం మారినప్పుడు మా చీఫింజనీరు తిరిగినట్టు.” రెక్కలకి తగిలి చేపలు చస్తాయేమోనని శబ్ద తరంగాలతో వాటి రాకపోకలు కూడా కనిపెట్టారు. “మనం పంపుసెట్లకే మీటర్లు పెట్టలేకపోయాం, వీళ్ళు చేపలకి పెట్టారయ్యా!”

2012లో లైసెన్సు వచ్చింది. అమెరికాలో ఆటుపోట్ల కరెంటుకి అదే మొదటి వాణిజ్య లైసెన్సు: 30 టర్బైన్ల దాకా, అన్నీ కలిపి 1 మెగావాట్. ఇక్కడ గొంతు కాస్త తగ్గుతుంది. వారి పల్లె సబ్‌స్టేషన్లో ట్రాన్స్‌ఫార్మరే 5 ఎంవీఏ. 2020లో ముక్కోణపు చట్రం మీద మూడు టర్బైన్లు దింపి, పరీక్షలయ్యాక తీసేశారు. అంటే ఇప్పుడు అడుగున ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మరి రోజూ ఎందుకు వస్తారంటే, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. ఏ రోజు ఏ నిమిషానికి నీరు తిరుగుతుందో, మధ్యలో ఎప్పుడు కాసేపు నిలబడుతుందో రాసిన పట్టిక. “గాలి చెప్పి రాదు. మబ్బు చెప్పి కమ్మదు. ఇది చంద్రుడి షెడ్యూలు, వచ్చే ఏడాదిది కూడా ఇప్పుడే చెప్పొచ్చు. నా సర్వీసంతా రైతులు రాత్రిళ్ళు మోటారు దగ్గర మంచం వేసుకుని, కరెంటెప్పుడొస్తుంది సార్ అని ఫోన్లు చేసేవారు. ఒక్కడికి, ఒక్కనాడు సరైన టైము చెప్పలేదయ్యా నేను.”

నీళ్ళు నెమ్మదించాయి. ఆయన గడియారం చూసుకుని, పట్టిక చూసుకుని, తల పంకించారు. అంతలో ఫోను మోగింది. పిన్నిగారు. స్పీకర్లోనే ఉంది.

“ఏమండీ, ఉప్మా చల్లారిపోతోంది. ఎప్పుడొస్తారు?”

“లైను మీదే ఉన్నా. పది నిమిషాల్లో వచ్చేస్తుంది” అన్నారు డీఈ గారు.