రామకోటి లేఖకుడు

తెలుగు కుటుంబాలలో, ముఖ్యంగా ఉద్యోగ విరమణ చేసిన పురుషులలో, తరచుగా కనిపించే ఒక జాతిని రామకోటి లేఖకుడు అని వ్యవహరించవచ్చు. రామనామాన్ని కాగితం మీద కోటిసార్లు రాసి, నిండిన పుస్తకాలను భద్రాచలంలోనో మరొక రామాలయంలోనో సమర్పించడమే రామకోటి; పైకి పలికే వాచికం, పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువు, మనసులోనే సాగే మానసం అనే జపభేదాలకు తోడుగా చెప్పే లిఖిత జపం, అనగా చేతిరాతతో చేసే జపం, ఇదే. ఉద్యోగం ముగిసిన వారంలోనే ఈ పుస్తకం కొనడం ఆనవాయితీ గనుక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో విరమణ వయసును 60 నుంచి 62 ఏళ్లకు పెంచినప్పుడు ఎందరి రామకోటి రెండేళ్లు వెనక్కి జరిగిందో ఆర్థిక శాఖ ఆలోచించినట్లు లేదు.

రోజుకు వెయ్యి నామాల చొప్పున రాసినా కోటి పూర్తి కావడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్ల పైచిలుకు పడుతుంది. 62వ ఏట మొదలుపెట్టినవాడికి 89 నిండాలన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసినా లేఖకుడికి ఆదుర్దా ఉండదు. త్యాగరాజు 96 కోట్ల రామనామ జపం చేశాడని సంప్రదాయం చెబుతుండగా తన వెయ్యి ఏ మూలకని వినయంగా అంటాడే గాని, ఆ వినయం కొద్దీ వెయ్యిన్నొకటవ నామం రాసిన దాఖలా లేదు.

రాసే పద్ధతి మరింత పరిశీలించదగినది. మొదటి వారం ప్రతి గడిలోనూ ‘శ్రీరామ’ అని మూడక్షరాలూ కళ్లకద్దుకున్నంత శ్రద్ధగా రాసిన ఈయన, చేయి తిరిగిన తరువాత, ఇంపోజిషన్ రాసే బడిపిల్లవాడిలాగా, పేజీ పొడవునా ముందు ‘శ్రీ’లన్నీ నిలువుగా దించి, తరువాత ‘రా’లు, చివర ‘మ’లు చేరుస్తాడు. ‘రా’ల దగ్గర ఉండగా ఫోను మోగితే, ఆ పేజీలోని రాముళ్లందరూ సాయంత్రం దాకా అసంపూర్ణంగా నిలబడవలసిందే. ఈలోగా వీధిలో కొత్తిమీర అమ్మేవాడు కట్ట పది రూపాయలనగానే వాకిట్లోంచి “శ్రీరామ! పదే!” అన్న కేక వెలువడుతుంది, ఆ నామం మాత్రం లెక్కలోకి రాదు. అమెరికాలోని మనవడు ఫోనులో కనబడి, కంప్యూటరు మీద నిమిషంలో కోటి నింపిపెడతానంటే, “అలాగైతే పుణ్యం కరెంటువాళ్లకు పోతుందిరా” అని తోసిపుచ్చుతాడు.

ఇంతమాత్రాన ఈ పనిని వేళాకోళంగా కొట్టివేయడం న్యాయం కాదు. ఆకు, పువ్వు, పండు, నీరు, ఏది భక్తితో ఇచ్చినా స్వీకరిస్తానని భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో కృష్ణుడు ఇచ్చిన హామీ బాల్‌పెన్ను సిరాకు వర్తించదనడానికి ఆధారం కనబడదు. జీవితమంతా ఇతరుల ఫైళ్ల మీద సంతకాలు చేసిన చేతికి, పై అధికారి అడగనిదీ, ఆడిట్ అభ్యంతరం లేనిదీ అయిన ఒక పని ప్రతి ఉదయం సిద్ధంగా ఉండడం సామాన్యమైన సంగతి కాదు. ఆ గంటసేపు ఆయన వంటింట్లోకి సలహాలు పట్టుకుని రాకపోవడం వల్ల కలిగే శాంతి ఏ ఫలశ్రుతిలోనూ, అంటే వ్రతఫలాన్ని వివరించే భాగంలోనూ, చేరలేదు గాని, కోడళ్లు దానిని ప్రత్యక్ష ప్రమాణంగా అంగీకరిస్తారు.

అదే ఇంట్లో తెల్లవారకముందే ముగ్గు వేసి, తులసికోటలో నీళ్లు పోసి, దీపం పెట్టే ఇల్లాలు ఇది ఎన్నవసారి అని ఏనాడూ లెక్క రాసుకోదు. ఆయనకు జ్వరం తగిలినప్పుడు వరుస తెగకూడదని ఆమె రాసిపెట్టే పేజీలతోనే అసలు చిక్కు. భర్త పుణ్యంలో భార్యకు సగం వాటా ఉంది గాని భార్య పుణ్యంలో భర్తకు లేదన్న మాట ఆయన ప్రవచనాలలో విని ఉన్నాడు. అందుచేత కోలుకోగానే ఆ పేజీలను లెక్కలోంచి తీసివేసి, వాటి బదులు స్వయంగా రాయడానికి కూర్చుంటాడు. ఆమె పేజీలలో ప్రతి నామమూ దేనికదే మొదలై దేనికదే ముగిసినట్లు అప్పుడు గమనిస్తాడు గాని, ఆ విషయం ఇంట్లో ఎవరి దగ్గరా ఎత్తడు.