మెట్రో ఎక్కిన తలసరి ఆదాయం

లాలాపేట్‌లో కాపురముంటూ, తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు సర్కారు లెక్కల్లో ఇద్దరు మనుషులు. తలకాయ హైదరాబాద్ జిల్లాది, సంపాదన రంగారెడ్డి జిల్లాది. ఉత్పత్తిని పని జరిగిన చోట రాస్తారు, జనాభాను నిద్రపోయే చోట రాస్తారు. ఆనక మొదటిదాన్ని రెండోదానితో భాగించి తలసరి ఆదాయం అంటారు. తెలంగాణలో కొన్నేళ్లుగా రంగారెడ్డి జిల్లాదే మొదటి స్థానం, రాజధాని ఉన్న జిల్లాది ఆ తర్వాతే. పేపర్లో తన తలసరి చూసుకున్న షాబాద్ రైతు ఆ లక్షలు ఎక్కడ పెట్టి మరిచిపోయానా అని అటకంతా వెతుక్కోవాలి.

రెండు జిల్లాలూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి కదా, మొత్తం మీద సర్దుకుంటుంది అంటారు గణాంక నిపుణులు. నిజమే, రాష్ట్రం దాకా సర్దుకుంటుంది. దేశం సరిహద్దు దాటితేనే అసలు తమాషా. రాయదుర్గంలోని విదేశీ కంపెనీ కేంద్రం తన మాతృసంస్థకు వేసే బిల్లు సాధారణంగా ఖర్చు, దాని మీద కొంత లాభం. 2017లో సవరించిన సేఫ్ హార్బర్ నిబంధనల ప్రకారం, నిర్ణీత పరిమితిలోపు సాఫ్ట్‌వేర్ సేవలకు ఖర్చు మీద 17, 18 శాతం లాభం చూపిస్తే సరిపోయేది, ఆ ధర మీద ఆదాయపు పన్ను శాఖ పేచీ పెట్టేది కాదు. అంటే మన ఇంజినీరు ఉత్పాదకత అతని జీతం, ఆఫీసు కరెంటు బిల్లు, పైన ఆ చిల్లర. ఆ కోడ్ ప్రపంచమంతా అమ్ముడై తెచ్చే అసలు లాభం మేధోహక్కు ఏ దేశంలో నమోదైతే ఆ దేశపు ఉత్పత్తి. 2015లో బడా కంపెనీలు తమ హక్కులను ఐర్లాండ్‌కు మార్చేసరికి, ఆ దేశం ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందని 2016లో ప్రకటించారు. ఐరిష్‌వాళ్లు ఆ ఏడాది అదనంగా ఏం తిని పనిచేశారో మన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ పరిశోధించాల్సింది.

అదే తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆ చిల్లర లాభం కూడా రాయరు. ప్రభుత్వ విద్యకు మార్కెట్ ధర లేదు కాబట్టి, దాని ఉత్పత్తి విలువ అంటే దాని మీద పెట్టిన ఖర్చే. ఇద్దరు ప్రొఫెసర్లు రిటైరై, వాళ్ల పాఠాలు కూడా మూడో ఆయనే చెబితే, ఆయన ఉత్పాదకత పెరిగిందనుకునేరు! పెరగదు, పైగా రెండు జీతాల మేర చదువే తగ్గిపోయింది. కాంట్రాక్టు అధ్యాపకుడు అదే పాఠం చెబితే అది తక్కువ చదువు. జీతాలు సవరిస్తే, పాత నోట్సు చదివినా ఆనాటి ధరల్లో విజ్ఞానం వృద్ధి చెందినట్టే. ఇలాంటి అంకెలనే దేశాల పక్కన దేశాలుగా పేర్చి, పెట్టుబడికీ కూలికీ అంటగట్టగా మిగిలినదానికి ఆర్థికవేత్తలు మొత్తం కారకాల ఉత్పాదకత అని పేరుపెట్టారు. 1957లో రాబర్ట్ సోలో లెక్కలో అమెరికా కార్మికుడి ఉత్పత్తి పెరుగుదలలో ఎనిమిదింట ఏడు వంతులు ఈ మిగులే. అంతకు ఏడాది ముందే మోజెస్ అబ్రమోవిట్జ్ దాన్ని మన అజ్ఞానానికి కొలత అన్నాడు. ఆ నిజాయితీ తర్వాతివాళ్లకు అంటుకోలేదు.

అయితే లెక్కలన్నీ కాకిలెక్కలేనా, మానేద్దామా అని కోప్పడేవారుంటారు. మానక్కర్లేదు. జీడీపీ లేకపోతే పన్నుల వాటా, అప్పుల పరిమితి దేన్నిబట్టి తేలుస్తారు? కాకపోతే ఐర్లాండే సిగ్గుపడి, 2017 నుంచి ఈ విదేశీ హంగులు తీసేసిన సవరించిన జాతీయాదాయాన్ని వేరుగా అచ్చేస్తోంది. 2022లో అది జీడీపీలో సగానికి కాస్త ఎక్కువ. మనమూ పని జరిగిన చోటు లెక్క పక్కనే, ఆదాయం ఇంటికి చేరిన చోటు లెక్క వేయొచ్చు. అది కుదరదంటారా, ఉస్మానియావారు డబ్లిన్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, సిలబస్ హక్కులన్నీ అక్కడ రిజిస్టరు చేయించి, ఏటా రాయల్టీ కట్టుకోవచ్చు. మన ఉత్పాదకత ఎలాగూ పెరగదు, ఐర్లాండ్‌దైనా పెరుగుతుంది.